ఇన్స్‌బ్రుక్‌లో విడిచిన బూట్లు

చెల్లీ లక్ష్మీ,

నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఈ రోజు నల్గొండలో మన ఇంట్లోనే నీ సంవత్సరీకం జరిగింది.

నీ హార్మోనియం ఎవరికివ్వాలో ఇన్నాళ్లూ తేల్చలేదు. భువనగిరి బడివాళ్లు అడిగారు. నా మనుమరాలు శారద కూడా అడిగింది. వియన్నాలో వైద్యం చదివి వచ్చిన పిల్ల, నీ దగ్గర నేర్చినదంతా మరిచిపోయి ఉంటుందని బడికే ఇద్దామనుకున్నాను.

భోజనాల దగ్గర శారద, సెలవుల్లో ఇన్స్‌బ్రుక్ అనే కొండల ఊరికి వెళ్లిన సంగతి చెప్పింది. అక్కడ ఎండాకాలం కొండలెక్కుతారట, చలికాలం కాళ్లకు చెక్కలు కట్టుకొని మంచు మీద జారుతారట. పగలు జారినవాళ్లే సాయంత్రం ఇస్త్రీ బట్టల్లో సంగీత కచేరీకి వస్తారట. ఈమె కూడా జారి, పడి, కుంటుకుంటూ కచేరీకి వెళ్లి, బూట్లు గుమ్మం బయట మంచులో విడిచి లోపలికి నడిచిందట.

"గదేమన్న మన భజన మందిరం అనుకున్నవా బిడ్డా?" అని మా అబ్బాయి కూతుర్ని ఎగతాళి చేశాడు.

"ఏం జెయ్యాలె బాపూ? లోపట పాట షురూ అయింది. చెప్పులతోని పాట కాడికొస్తే చిన్నవ్వ కొడ్తుండె గద!"

నీ మాట రాగానే అందరూ నవ్వారు. నేను లేచి వెళ్లి హార్మోనియం పెట్టె తాళంచెవి తెచ్చి శారద చేతికిచ్చాను. బడివాళ్లకు రేపు కబురు పంపుతాను.

ఇప్పుడు ముందుగదిలో నువ్వు నేర్పిన పాట వాయిస్తోంది. చరణంలో ఒకచోట తప్పుతోంది. తప్పు వింటే ఊరుకునేదాన్ని కానని నీకు తెలుసు. ఈ పూటకు ఊరుకున్నాను.

నీ అక్క