బాయిలర్‌కు దిష్టికాయ

అక్టోబర్ 11, 1993
వై.ఎన్.హొసకోట నూనె మిల్లులో బాయిలర్ పనికి చేరి వారమైంది. ఆవిరి ఒత్తిడి ఏడు కిలోలకు చేరితే ప్రెషర్ స్విచ్ బ్లోయర్‌ను ఆపేస్తుంది. గాలి లేక మంట తగ్గుతుంది. ఐదుకు దిగితే మళ్లీ అదే నడిపిస్తుంది. ఇంతే సంగతి. ఓనర్ నారప్ప బుర్రకు ఇది ఎక్కదు. బ్లోయర్ ఆగితే చాలు, నేను నిద్రపోయానని పరుగెత్తుకొస్తాడు.

పొయ్యిలో వేరుశనగ పొట్టు వేసే పుట్టమ్మకు మొదటిరోజే అర్థమైంది. కడుపు నిండినాక ఎవురన్నా తింటారాన్నా, ఆకలైతే అదే అడుగుతాదిలే అని నారప్పకే చెప్పింది.

అక్టోబర్ 16
మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ తిట్లు.

అక్టోబర్ 20
ఇంకోతూరి ఆగిందంటే నీ జాగాలో వేరేవాణ్ణి పెట్టుకుంటా చూడప్పా అన్నాడు నారప్ప. అరసికెరెలో మా చేను బీటలు తీసి ఉంది. ఈ పని పోతే ఇంటికి ఏ మొహంతో పోను? భయపడ్డాను. బ్లోయర్ ఇక ఆగకుండా స్విచ్‌ను తప్పించి రెండు వైర్లు డైరెక్ట్‌గా కలిపేశాను. నా చేత్తోనే.

పైన సేఫ్టీ వాల్వు ఉందిగా. దాని కమ్మీకి వేలాడే గుండు వాల్వును అదిమిపెడుతుంది. ఎనిమిది దాటితే ఆ గుండునే లేపి ఆవిరి బయటికి పోతుంది. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అక్టోబర్ 23, ఆయుధపూజ
మిల్లుకు సెలవు. నారప్ప తల్లి సుబ్బలక్ష్మమ్మ మోటార్లకు, కాటాకు, నా సైకిల్‌కు కూడా కుంకుమ పెట్టింది. బాయిలర్‌కు బూడిద గుమ్మడికాయ కట్టాలంది. అందరికీ కనపడేట్టు ఎత్తుగా ఉండాలంది. నారప్ప నిచ్చెన ఎక్కాడు. నేను చిత్రాన్నం మీద ఉన్నాను, అటు చూడలేదు.

అక్టోబర్ 25, ఉదయం 11
ప్రెషర్ మీటరు ముల్లు ఎనిమిదిన్నర. వాల్వు లేవలేదు. తలెత్తి చూశాను. కమ్మీకి గుండు పక్కనే ఆరు కిలోల గుమ్మడికాయ!

వైర్లు పీకేశాను. పుట్టమ్మ మండుతున్న పొట్టును బయటికి లాగింది. దిష్టికాయ ముట్టుకుంటే అరిష్టమని సుబ్బలక్ష్మమ్మ అరుపులు. ముల్లు తొమ్మిది. కొడవలిని కర్రకు కట్టి తాడు కోశాను. కాయ నారప్ప కాళ్ల ముందు పడి పగిలింది. వాల్వు లేచి ఊరంతా దద్దరిల్లేలా కేక పెట్టింది. రోడ్డు మీది గొర్రెలు బస్‌స్టాండులో దూరాయట. నారప్ప కాటా వెనక దూరాడు.

సాయంత్రం
వైర్ల సంగతి నారప్పకు చెప్పేశాను. పని పోయిందనే అనుకున్నాను. కాయ కట్టింది నేనే కదప్పా, రేపు ఆ స్విచ్ మళ్లీ పెట్టు అన్నాడు. ఏడుపొచ్చింది. సుబ్బలక్ష్మమ్మ మాత్రం ఉన్న దిష్టంతా కాయతోనే పోయిందని సంబరపడుతోంది.

అక్టోబర్ 29
వాల్వుకు ఏమీ తగిలించరాదని నారప్ప ఇనుప రేకు మీద పెద్ద బోర్డు రాయించాడు. నేను టీ తాగి వచ్చేసరికి, తనే నిచ్చెన ఎక్కి దాన్ని వాల్వుకు తగిలించాడు.