ఎడమవైపు పెట్టె

నన్ను చంకనేసుకుని పెంచిన మా అక్కకి,

ఫోన్ చేస్తే బావ ఎత్తుతాడు. "మీ అక్క పనిలో ఉంది, ఉత్తరం రాయమంటోంది" అంటాడు. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటే తల్లీ అని విసుక్కుంటూనే రాస్తున్నాను. పోయినసారి వచ్చినప్పుడు కూడా అంతసేపు తలుపు కొట్టించి, తీరా వచ్చి "కునుకు పట్టిందిరా" అన్నావు. నా మీద కోపమేమైనా ఉంటే తిట్టు, పడతాను. ఇప్పుడు రాసేది మాత్రం చివరిదాకా చదువు. నీ మరదలికి కూడా చెప్పలేదు.

రేడియో, రికార్డులు రెండూ పాడే నాన్న రేడియోగ్రామ్ నాకిచ్చేశావు కదా. చెక్కంతా పుచ్చిపోయింది గానీ లోపలి స్పీకర్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఇప్పటివాటిలో లావు గొంతుకి ఒకటి, సన్న గొంతుకి ఒకటి వేరువేరుగా పెడతారు. ఇవి అలా కాదు. ఒకే ఒక్క కాగితపు గిన్నె, డప్పు దెబ్బ దగ్గర్నుంచి ఈల దాకా అన్నీ అదే పలుకుతుంది. దాని నడుమ టీ కప్పంత ఇంకో చిన్న కాగితపు గిన్నె ఉంటుంది, సన్నని శబ్దాలన్నీ దాని పని. వాటికి కొత్త పెట్టెలు కడదామని సెలవు దొరికినప్పుడల్లా వరండాలో రంపం, గరుకు కాగితం పట్టుకు కూర్చున్నాను. ముందువైపు గుడ్డ లాగి బిగించి, స్పీకర్లని వెనక నుంచి మరలతో బిగించాను. నీ మరదలు పుస్తకాలు బైండు చేసే మనిషి కదా, చెక్క పొట్టు తన కాగితాల మీద పడుతోందని సణుగుతూనే గుడ్డ పట్టుకుని సాయం చేసింది.

అంతా అయ్యాక పాట పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుడి పక్క నుంచి పాట తేటగా వస్తోంది. ఎడమ పక్క దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. పాడే ఆవిడ "స" అంటే కుడి చెవికి అందింది, ఎడమ చెవికి అందలేదు. నీ మరదలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి "ఎంత బాగుందో" అంది. తనకి తేడా ఏమీ తెలియలేదన్నమాట. పెట్టెలు కట్టకముందు రెండింటినీ బల్ల మీద పెట్టి విన్నాను, రెండూ ఒకేలా పలికాయి. స్పీకరు మారలేదంటే మారింది నా చెవే కదా.

నాన్నకీ ఎడమ చెవే ముందు పోయింది, ఇంచుమించు ఈ వయసులోనే. పదిమందిలో కూర్చుని ఎవరేమన్నా నవ్వి తలూపేవాడు. మనం చాటుగా నవ్వుకునేవాళ్లం. చివరికి రేడియోగ్రామ్ చెక్క మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చునేవాడు. ఇదీ నా బాధ అని ఒక్కనాడూ ఎవరితోనూ అనలేదు.

నాది లిఫ్టులు చూసే పని. మేడ మీద మోటారు గదిలో నిలబడి, బేరింగు ఎండిపోయేటప్పుడు వచ్చే సన్నటి కీచు పట్టుకోవడమే నా విద్య. అది వినపడక నేను బాగుందని చెప్పి దిగొచ్చేస్తే, తర్వాత ఎక్కేవాళ్ల గతేమిటి? నిన్న ఆసుపత్రి లిఫ్టు దగ్గర ఒకటికి నాలుగుసార్లు విన్నాను. ప్రతిసారీ ఏదో ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. నాతో వచ్చినతను "ఏంటన్నా, లిఫ్టుతో కాపురం పెడతావా" అని గొణిగాడు. ఈ నెలాఖరున మేనేజరుతో చెప్పేసి, సామాన్లు అందించే గదికి మారిపోదామని నిశ్చయించుకున్నాను. పనికిరాకుండా పోయినవాళ్లని అక్కడ కూర్చోబెడతారని మాలో అందరికీ తెలుసు.

నిజానికి తేల్చుకోవడం ఎంతసేపు? కుర్చీ వెనక్కి తిప్పి, గోడకేసి మొహం పెట్టి కూర్చుంటే చాలు. ముసుగు గొంతు కుడి చెవి వైపుకి మారితే తప్పు పెట్టెది. ఎడమవైపే ఉండిపోతే నాది. ఆ కుర్చీ తిప్పడానికి నాకు చెయ్యి రావడం లేదు అక్కా. భయంగా ఉంది.

నీ తమ్ముడు,
గుబులోడు

* * *

ఒరేయ్ గుబులోడా,

చిన్నప్పుడు పాలపన్ను ఊడితే ఇక చచ్చిపోతానని నీ గోళీలన్నీ నాకు అప్పగించినవాడివి. ఇప్పుడు ఉద్యోగం అప్పగించడానికి బయల్దేరావా? అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా.

నాన్న చెవి నీకు రాలేదు. రాలేదంటే రాలేదు. ఆ జబ్బు అలా రాత్రికి రాత్రి ఒక పాటతో మొదలవదురా. ముందు మాటల చివరలు పోతాయి. ఎదురుగా ఒక్కరే ఉంటే అంతా అందుతుంది. నలుగురు చేరితే గోల మిగులుతుంది, మాట మిగలదు. రెండోసారి అడిగితే చెబుతారు, మూడోసారి అడగడానికి మనకే మొహం చెల్లదు. అప్పుడు నవ్వి తలూపడం అలవాటవుతుంది. నీకు అదేమీ లేదు. మోటారు మోతలో అతను గొణిగిన వెటకారం కూడా నీ చెవిన పడిందిగా.

మేనేజరు దగ్గరికి వెళ్లేముందు ఆ కుర్చీ తిప్పు. నా మీద ఒట్టు.

అక్క

* * *

అక్కా,

ఒట్టు పెట్టావు కాబట్టి తిప్పాను. నీ మరదల్ని పిలిచి సంగతంతా చెప్పి, నా చెయ్యి పట్టుకోమన్నాను. "కుర్చీ తిప్పడానికి ఇద్దరు కావాలా" అంటూనే పట్టుకుంది. పాట మొదలైంది. ముసుగు గొంతు కుడి చెవి వైపుకి వచ్చేసింది. మంచి గొంతు ఎడమ చెవిలో ఖంగున మోగింది, "స"లతో సహా. కూర్చున్నచోటే ఏడ్చేశాను.

పెట్టె విప్పి స్పీకరు బయటికి తీశాను. నడిమి చిన్న గిన్నె అంచు పెద్ద గిన్నెకి చుట్టూతా అతికి ఉంది. ఆ అంచు దేనికీ తగలకూడదు, గాలిలో ఆడాలి. ఆడితేనే సన్న శబ్దం పుడుతుంది. అతుకు చూస్తే ఎక్కడా ముడత లేదు, జిగురు చుక్క పైకి రాలేదు. ఈ ఇంట్లో అంత శుభ్రంగా అతికించే చెయ్యి ఒక్కటే. నీ మరదలి మొహం పాలిపోయింది. "కాగితం ఊడి లేచిందనుకున్నానండీ. మీరు డ్యూటీలో ఉన్నప్పుడు అతికించేశాను. మామయ్యగారి వస్తువు పాడైందని బాధపడతారని చెప్పలేదు. రెండోది అప్పటికే పెట్టెలోకి వెళ్లిపోయింది, లేకపోతే దానికీ అతికించేదాన్ని" అంది. లేచిన కాగితం కనిపిస్తే ఊరుకోలేదు పాపం. తను వాడేది పిండి జిగురు కాబట్టి బతికిపోయాం. తడి కుంచెతో నానబెట్టి, ఊపిరి బిగబట్టి, అంచంతా తనే విడదీసింది. ఆరాక రెండు పెట్టెలూ ఒక్క గొంతుతో పాడాయి. మేనేజరు దగ్గరికి నేను వెళ్లలేదు.

ఈ కబురు రాద్దామని కూర్చుని, నీ ఉత్తరం మళ్లీ తీశాను. గోళీల సంగతికి నవ్వుకుంటూ మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. ముందు మాటల చివరలు పోతాయన్నావు. మూడోసారి అడగడానికి మొహం చెల్లదన్నావు. నాన్న ఇవేవీ ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలుసు అక్కా?

ఫోన్ బావే ఎందుకు ఎత్తుతున్నాడో, రేడియోగ్రామ్ నాకెందుకు ఇచ్చేశావో ఇప్పుడు అర్థమైంది. నా చెవి పోతోందని నేను పేజీలకు పేజీలు ఏడిస్తే, నీ బాధ మింగేసి నన్ను ఓదార్చావు. నాకు సిగ్గుగా ఉంది, నీ మీద కోపంగానూ ఉంది. నాన్నలా నవ్వి తలూపుతూ గడిపేద్దామనుకుంటే నేను సాగనివ్వను. చెవి మిషను పెట్టుకోనని నాన్న మొండికేశాడు, నువ్వు పెట్టుకుంటావు. డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. నా దగ్గర మూడోసారేం ఖర్మ, ముప్పయ్యోసారి అడుగు, చెబుతాను.

ఆదివారం పెట్టెలు రెండూ తీసుకుని ఇద్దరం వస్తున్నాం. ఇక అవి నీ దగ్గరే ఉంటాయి. వినిపించినంత విను, మిగతాది చెక్క మీద చెయ్యి పెట్టుకుని విను.

తలుపు చప్పుడు కోసం కాచుకుని కూర్చోకు. కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపుతాను.

నీ గుబులోడు