ఎడమ కంటికి చిన్న కోత

కంటి ఆసుపత్రి పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా ఎడమ కంటి శుక్లం ఆపరేషనులో ఆరు మిల్లీమీటర్ల కోతకు బదులు మూడుకు మించని కోత పెట్టించి, మడిచే లెన్సు అమర్చించుట గురించి, అందుకు అడ్డుగా ఉన్న నా భర్త అభ్యంతరమును రద్దు చేయుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేనూ నా భర్తా ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు నడిపేవాళ్లం. ఆయన అద్దం కోసేవారు, నేను కొలతలు తీసి ఫ్రేములు బిగించేదాన్ని. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, స్కేలు మీది గీతలు కనబడక తమ ఆసుపత్రికి వచ్చాను.

2. అంగీకార పత్రం చదివే చూపు నాకు లేనందున, నా తరఫున నా భర్త సంతకం చేశారు. చేసేముందు డాక్టరుగారిని నిలదీశారు.

"చిన్న కోత పెట్టి, లెన్సు మడిచి పంపుతాం. లోపలికెళ్లాక దానంతటదే విచ్చుకుంటుంది" అన్నారు డాక్టరుగారు.

"మడిచిన అద్దమంటే పగిలిన అద్దమేనండీ. నా వయసంతా అద్దాల్లోనే గడిచింది, నాకు చెప్తారా?"

అది అద్దం కాదు, మెత్తటి ప్లాస్టిక్కు అన్నారు డాక్టరుగారు.

"సరే, విచ్చుకోకపోతే? మీరు లోపలికెళ్లి విప్పుతారా? కోత పెద్దదైతే అయింది, సరుకు మాత్రం తిన్నగా వెళ్లాలి!"

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

3. ఫొటోల కవర్ల మీద ఎర్ర సిరాతో 'మడవరాదు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టడం ఆయన అలవాటు. అంగీకార పత్రంలో కుడి కన్ను, ఎడమ కన్ను అనే రెండు గళ్లకూ కలిపి అదే మాట రాసి, అవే రెండు గీతలు కొట్టారు.

4. తదనుసారంగా నా కుడి కంటికి మడవని లెన్సు పెట్టారు. నల్లగుడ్డు ముందుండే కార్నియా పొరను ఆరు మిల్లీమీటర్లు కోసి, కుట్లు వేశారు. చూపు వచ్చింది, కాదనను. అయితే కుట్లు పొరను ఒక పక్కకు లాగినందున నిలువు గీతలన్నీ కుడికి ఒరిగి కనబడుతున్నాయి. కళ్లజోడు కొంత సర్దింది గానీ పూర్తిగా కాదు. కోత చిన్నదైతే ఈ లాగుడు బాగా తక్కువని డాక్టరుగారే చెప్పారు. నేను కట్టిన ఫ్రేములు వంకరపోయాయని తిరిగొస్తున్నాయి. కొట్టు తప్ప నాకు వేరే ఆధారం లేదు.

5. కుడి కంటికి చుక్కల మందు పూర్తికాకముందే నా భర్త చనిపోయారు. అద్దం కోసి బల్ల మీద పెట్టి, అలాగే కూర్చుండిపోయారు. గుండె ఆగిందన్నారు. అద్దానికి చిన్న పెచ్చు కూడా ఊడలేదు. ఆ రోజు నా కంట్లో మందు మా ఆడపడుచు వేసింది. అది చెంప మీదకు కారుతుంటే, ఏడుస్తున్నానని వచ్చినవాళ్లు అనుకున్నారు. నేను కాదనలేదు. నాకు ఇంతవరకు ఏడుపు రాలేదు. అదే భయంగా ఉంది. ఈ అంశం అర్జీకి సంబంధించినది కాదని తోచినచో కొట్టివేయగలరు.

6. వచ్చే గురువారం నా ఎడమ కంటికి ఆపరేషను. చిన్న కోత కావాలని కౌంటరులో అడిగాను.

"రాసినాయన వచ్చి, కొట్టేసి సంతకం పెట్టాలమ్మా" అన్నారు గుమాస్తాగారు.

మరణ ధ్రువపత్రం చూపించాను. దాన్ని రెండు వైపులా తిప్పి చూశారు.

"ఆయన చనిపోయారని ఇందులో ఉంది గానీ, మనసు మార్చుకున్నారని లేదు కదమ్మా."

నాకు కోపం రావాలి. రాలేదు.

"బతికున్నా మార్చుకునేవారు కాదు బాబూ" అన్నాను.

"మరి చూశారా!" అన్నారు గుమాస్తాగారు.

7. మళ్లీ పెద్ద కోత పెడితే వంగకుండా, బరువెత్తకుండా వారాల తరబడి కూర్చోవాలి. వేళకు చుక్కలు వేసే మనిషి ఇంట్లో లేరు. పైగా రెండు కళ్లకూ గీతలు ఒరిగితే కొట్టు మూసుకోవడమే. ఇప్పుడు నేను చదవగలను, నా సంతకం నేను చేయగలను. ఈ అర్జీ కూడా నేనే రాశాను, వరసలు ఒరిగి ఉంటే మన్నించగలరు. నా భర్త నా మేలు కోరే ఆ మాట రాశారని కూడా తమకు తెలియపరచుకుంటున్నాను.

కావున, పత్రంలోని ఎర్ర సిరా మాటను ఎడమ కన్ను గడి వరకు మాత్రమే కొట్టివేయించ ప్రార్థన. కుడి కన్ను గడిలో ఉన్నదాన్ని అలాగే ఉండనివ్వగలరు. ఇది గురువారం లోపల తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఫ్రేముల కొట్టు మనిషి

తా.క.: ఆయన ఆఖరున కోసిన అద్దమే ఆయన ఫొటోకి వేసి, గోడకు తగిలించాను. నా కంటికి తిన్నగానే ఉంది. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా "వదినా, అన్నయ్య మళ్లీ ఒరిగాడు" అంటూ సరిచేసి పోతుంది. ఆమె వెళ్లగానే నేను మళ్లీ నాకు తిన్నగా కనబడేలా జరుపుకుంటాను. ఎడమ కన్ను బాగైతే, ఒరిగింది ఆయనేనని నాకూ తెలిసిపోతుంది. అప్పుడు ఇంట్లో ఉన్నంతసేపు ఎడమ కన్ను మూసుకుని ఉండవచ్చునా? అందుకు ఎవరి సంతకమైనా కావలసి ఉంటే ముందుగానే తెలియజేయగలరు.