అసలుదా, ట్రయల్‌దా

మంగళవారం రాత్రి

మొన్న ఆఫీసులో మా ఆయన ట్రయల్ డేటాబేస్ అనుకుని, తేంగాయితిట్టు రేవులో జరిగే చేపల వేలం వివరాలున్న అసలు డేటాబేస్ మీద టెస్ట్ నడిపాడు. పక్కసీటతను చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది, లేకుంటే అసలు లెక్కలు పాడయ్యేవట. టెస్ట్ చేసే టూల్ కనెక్ట్ అయిందని చెబుతుందే కానీ, దేనికి కనెక్ట్ అయిందో చెప్పదట. దాన్ని సరిచేసి రేపు మేనేజరుకు చూపించాలి. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదన్నారు.

సాయంత్రం నన్ను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, "ఇది అసలుదా, ట్రయల్‌దా? చూసి చెప్పు సుమతీ" అన్నాడు. ఐదో తరగతితో ఆపేసిన నన్ను అడుగుతున్నాడేమిటని సిగ్గేసింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. అసలు డేటాబేస్ పేరుకూ, ట్రయల్‌దాని పేరుకూ చివర ఒక్క అంకే తేడా.

"రెండూ ఒకే మాదిరి ఉండాయి. నాకు తెలీలా" అన్నాను.

వంటింట్లోంచి అత్త, "ఏంది, కోడలు కూడా ఆఫీసులో చేరిందా? దోసెలు నేనే పోసుకోవాల్నా?" అంది.

ఆయన మాత్రం నా మాటకు నవ్వలేదు. ఆ డేటాబేస్ ఏ మెషీన్‌లో ఉందో, ఎవరి పేరుతో లోపలికి వెళ్లామో కూడా కనిపించేలా మార్చాడు. అసలుదైతే పైన ఎర్ర పట్టీ వచ్చేలా పెట్టాడు. ఈసారి చూడగానే చెప్పేశాను.

"నీకే తెలిసిందంటే ఇంక ఎవురికైనా తెలస్తాది" అన్నాడు.

ఆ మాటకు నొచ్చుకోవాలేమో. నాకు మాత్రం, నన్ను కూర్చోబెట్టి అడిగాడన్న సంతోషమే మిగిలింది. మొన్నటి నుంచి సరిగా తినని మనిషి ఇవాళ అడిగి మరీ దోసె వేయించుకున్నాడు. దేవుడికి దండం పెట్టుకున్నాను. రేపు మేనేజరు కూడా చూడగానే చెప్పగలిగితే చాలు...