హెడ్‌గారి గదికి నేనే వెళ్ళాను

అమ్మకూ నాన్నగారికీ నమస్కారం. నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకండి.

నాన్నగారూ, మా డిపార్ట్‌మెంటు హెడ్‌గారితో మాట్లాడడానికి మీరు సెలవు పెట్టక్కర్లేదు. నిన్న నేనే మాట్లాడాను. చిన్నపిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో బడిలో కూర్చుని చూసి చివరి ఏడాది ప్రాజెక్టు రాస్తానంటే, నోరు విప్పని దానివి, పిల్లలతో ఏం మాట్లాడతావని ఆయన కాదన్నారు కదా. మళ్ళీ మీరే వచ్చి మాట్లాడితే ఆయన మాటే నిజమవుతుందనిపించింది. తలుపు దగ్గర తటపటాయిస్తుంటే అటెండరు, "వెళ్ళమ్మా, ఆయనేం మింగెయ్యరు" అన్నాడు. వెళ్ళాను.

"మీ నాన్నగారేరీ? చేరేటప్పుడు నీ పేరడిగినా ఆయనే చెప్పారు" అన్నారు హెడ్‌గారు.

"ఈసారి నేనే చెబుతానండీ" అన్నాను. ప్రాజెక్టు సంగతంతా ఆగకుండా చెప్పాను. అంతా విని, "ఇన్నాళ్ళూ ఈ మాటలన్నీ ఎక్కడ దాచావమ్మా?" అని నవ్వి, ఒప్పుకున్నారు. సోమవారం నుంచి బడికి వెళ్తాను.

అమ్మా, నా బూడిదరంగు స్వెట్టరు, బీరువా మీదున్న బొమ్మల పుస్తకాలు కావాలి. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి బాగుచేయించారా? ఇంకో మాట. నేను తిన్నానో లేదో వార్డెన్‌గారికి ఫోన్ చేసి అడగకు. నన్నే అడుగు. తినకపోతే తినలేదనే అంటాను.

నాన్నగారూ, టికెట్ తీసేసుకుని ఉంటే వెనక్కి ఇవ్వకండి. ఆ బండికే రండి, హెడ్‌గారి కోసం కాదు, నా కోసం. బోలెడు కబుర్లున్నాయి. నేను చెబుతాను, మీరు వినాలి.

నాన్నమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

మీ మూగమొద్దు