గుట్టలవైపు సంతకాలు

జూన్ 18, బుధవారం, పొద్దున

లెక్కల శాఖలో పెద్ద కుర్చీ ఎక్కి దిగిన గౌరవనీయులకు, బడిపంతులు నమస్కరించి రాయునది.

మర్యాద అయిపోయింది. ఇక ఒరేయ్ బక్కోడా, విను.

నువ్వు బస్సు మెట్టు మీద నిలబడి నాకిచ్చిన మాటకు ఈ నెలతో యాభై ఏళ్లు నిండాయి. ఆఫీసులో కాలు పెట్టగానే మన గుట్టలవైపు హైస్కూలు తెప్పిస్తానన్నావు. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి అరిచావు, రాతి మీద గీత అనుకోమని. రాళ్లు కొట్టే ఇళ్లలో పుట్టినవాళ్లం, రాతి మీద గీతకు ఎంత ఆయుష్షో మనకు తెలియదా? మర్నాడే దాన్ని కంకర చేస్తారు.

హైస్కూలు నదివైపు వెళ్లింది. రిబ్బను కత్తిరించిన ఫొటోలో ఎడమనుంచి మూడోవాడివి నువ్వే. నేను ఐదో తరగతితో ఆగిపోయే మన బడిలో ముప్పై ఆరేళ్లు సుద్దముక్కలు అరగదీశాను.

నువ్వు పంపిన పుస్తకం అందింది. ఇంతకంటే లావు పుస్తకాలు చాలా చూశాను గనుక భయపడకుండా మూడుసార్లు చదివాను. వాక్యాలు నీ చిన్నప్పటి వ్యాసాల్లాగే అవసరానికి మించి వినయంగా ఉన్నాయి. నూట నాలుగో పేజీలో పట్టిక దగ్గర ఆగాను. నదివైపు చదువు పెరిగింది, పేదరికం తగ్గింది. ఇసుక నేలల్లో చదువూ లేదు, తిండీ లేదు. అంతవరకు ఎవరైనా చెబుతారు. మన గుట్టలవైపు మాత్రం పాత లెక్క ప్రకారమే నూటికి డెబ్బై మంది చదువుకున్నవాళ్లట, అయినా పేదరికంలో అందరికంటే అడుగునట. దాని కింద నీ తీర్పు: కొన్ని ప్రాంతాల్లో చదువు పేదరికాన్ని తగ్గించదని. ఈ పట్టిక ముందు పెట్టుకునే మీ శాఖవాళ్ల సంఘం వచ్చే నెల కొత్త హైస్కూళ్ల జాబితా రాస్తుందని విన్నాను. మనవైపు పేరు మళ్లీ కొట్టేస్తారు.

ఆ డెబ్బై ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. నలభై నాలుగేళ్ల క్రితం జనాన్ని లెక్కపెట్టేవాళ్లకు మీ ఆఫీసు ఇచ్చిన కొలత ఒకటే. కాగితం మీద సంతకం పెడితే చదువుకున్నవాడు, వేలిముద్ర వేస్తే కాడు. మన రాతిపనివాళ్లు వరసగా వచ్చి సంతకాలు పెట్టారు. ఎవడో మూడు వారాలు కూర్చోబెట్టి, ఎవరి పేరు వాళ్లకు బొమ్మ గీసినట్టు గీయడం నేర్పాడు. అవే అక్షరాలు ఇంకో మాటలో చూపిస్తే తెల్లమొహం వేసేవాళ్లు. ఇంతమంది చదువుకున్నచోట తొందరేముందని హైస్కూలు నదివైపు పంపేశారు.

తర్వాత జరిగింది నీ పట్టికలో లేదు. వేలిముద్ర వేసేవాడికి గుత్తేదారు కాగితం చదివి వినిపించాలి, అది నిబంధన. సంతకం పెట్టేవాడికి అక్కర్లేదు. పిట్ట గుర్తుందా, నీ జేబులో గొంగళిపురుగు వేసిన పిల్ల? తన ఇష్టంతోనే పని మానుకుంటున్నానని రాసి ఉన్న కాగితం కింద పొందికగా సంతకం పెట్టి, మర్నాడు సుత్తి పట్టుకుని పనికి వెళ్లింది. గేటు దగ్గర ఆపేశారు. పనితోపాటు గుత్తేదారు ఇచ్చిన గుడిసె కూడా పోయింది. లేని చదువును ఉందని రాస్తే పేదరికం ఎలా పెరుగుతుందో నీ పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు.

అయినా ఏడుస్తూ రాయడం లేదురా. పళ్లు తప్ప ఆరోగ్యం దివ్యంగా ఉంది. ముందుగదిలో మంచం తీసేసి రెండు బల్లలు వేశాను. సాయంత్రాలు పదకొండు మంది చదువుకోవడానికి వస్తారు. పిట్ట అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఎక్కువ పోట్లాడుతుంది. మొన్న గుత్తేదారు గుమాస్తా ఆమె కోడలి చేత సంతకం పెట్టించడానికి కాగితం తెచ్చాడట. ఇటివ్వు నాయనా అని లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టిందట. అవ్వా, పొద్దుపోతోంది, పెట్టించవే అని వాడు గోల. నలభై ఏళ్లు నేనాగాను, గంటసేపు నువ్వాగలేవా అందట. రెండో పేజీలో ఒక వాక్యం కొట్టించేదాకా వాణ్ణి కదలనివ్వలేదు. ఇదంతా నాకు చెప్పి, పంతులూ, ఈ విద్యేదో అప్పుడే చెప్పి ఉంటే నీ బుర్ర పెద్దదని నేనూ ఒప్పుకునేదాన్ని అని మూతి తిప్పుకుంది. కడుపునిండా నవ్వాను. ఆ పూట టీ కూడా బాగా కుదిరింది.

నేనడిగేది ఒకటే. ఆమె మనవరాలు ఐదో తరగతి అయిపోయి ఇంట్లో కూర్చుంది. సంఘం సమావేశమయ్యేలోపు, ఆ డెబ్బై తప్పని నీ చేత్తో వాళ్లకు రాసి పంపు.

మీ ఆవిడకు నా నమస్కారాలు. ఆవిడ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇట్లు,
చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని నీకు లెక్కలు చూపించినవాడు

తా.క.: నిజం కూడా రాయాలి, లేకపోతే నీకు ఆధారం ఉండదు. సంతకాలు నేర్పిన ఆ ఎవడో నేనే. మనవైపును వేలిముద్రల గుట్ట అంటుంటే తల కొట్టేసినట్టయ్యేది. పలకల మీద నేను రాసిచ్చి వాళ్ల చేత దిద్దించాను. అందుకే మూడువందల సంతకాల్లోనూ కుడివైపుకు ఒరిగే నా రాతే ఉంది. ఆ కాగితాలు నీ బల్ల మీదికే వచ్చాయి. ఆ నెలలో నువ్వు పంపిన కార్డు ఇంకా దాచుకున్నాను. అందరి రాతా ముచ్చటగా ఉంది, ఉద్యోగం జాగ్రత్త అని రాశావు. నన్ను కాపాడావని పొంగిపోయాను, పిట్టను గేటు బయట చూసేదాకా. గొప్పకు పోయి తప్పు చేసింది నేనని మొన్ననే ఆమెకు చెప్పేశాను. తెలుసులే, పాఠం చెప్పు అంది. ఆమెతో నా లెక్క తీరిపోయింది. కానీ మూడువందల మందిలో నన్ను గుర్తుపట్టి, స్నేహం పేరు చెప్పి నోరు మూసుకున్నవాడు ఒకడున్నాడు. నేను ఇప్పటికీ తప్పుపట్టేది నిన్నేరా, బక్కోడా.