పంట్లె లేజరు, ఇంట్లె పలకరింపు

ముత్యంపేట, జూన్ 3

అక్క బాలవ్వకు తమ్ముడు గంగయ్య దండంబెట్టి రాసేది.

ఫోన్ చేద్దామంటే దవడ ఉబ్బి నోరు తెరుచుకుంటలేదు, అందుకే ఉత్తరం. కోరుట్లల సుస్మిత డాక్టరమ్మ నా దౌడపన్నుల నరం తీసింది. వేర్ల సందులల్ల ఇంకా పురుగులున్నయట. పద్దెనిమిది, గురువారం పదకొండు గంటలకు సన్నటి తీగ దించి లేజర్ లైటు పెట్టి చంపుతదట.

నీ తమ్ముడు,
గంగయ్య

మరిచిన: లైటు పెట్టినంక నాల ఏం మిగులుతదో తెల్వదు. నా మొకం చూడాలనుంటే ముందే వచ్చి చూసిపో.

కోనరావుపేట, జూన్ 6

తమ్ముడా,

నీ ఉత్తరం చదివినకాడికెళ్లి బువ్వ సయిస్తలేదు. మన సత్తవ్వకు సిరిసిల్లల లేజర్ పెట్టింది కంటికి. నీకు పంటికి పెడ్తున్నరంటే, రోగం పన్ను మీదికెళ్లి కంటికి పాకినట్టే. మీ బావ గూడ అదే అన్నడు. గురువారం పొద్దుగాల్నే అందరం పలకరించ వస్తున్నం.

ఏడ్చుకుంట,
మీ అక్క

ఇంకోటి: ఆపిల్లు తెస్తున్నం. బత్తాయిలు మెత్తగైతున్నయి.

ముత్యంపేట, జూన్ 10

అక్కా,

రాకుండ్రి. పరాచికమాడిన, తప్పయింది. కుర్సీల కూసుంటే అర్ధగంట పని. ఆ రోజు తప్పితే పురుగులు మళ్లా సంసారం పెడ్తయన్నది డాక్టరమ్మ. నొప్పికి వారం సంది సల్ల తాగే బతుకుతున్న. నాకు గా గురువారం కావాలె.

గంగయ్య

కోనరావుపేట, జూన్ 13

తమ్ముడా,

యాబై ఏండ్లల్ల ఒక్కనాడన్న తప్పయిందన్నవా? గిప్పుడన్నవంటే నీ పాణం మీదికచ్చిందన్నట్టే. ఒక ఆటో మాట్లాడినోళ్లం రెండు మాట్లాడినం.

బాలవ్వ

ముత్యంపేట, జూన్ 19

అక్కా,

నిన్న పద్నాలుగు మంది దిగిండ్రు. ఒక్కొక్కరు నా నోరు తెరిపించి సెల్లు లైటు కొట్టి చూసిండ్రు. జగిత్యాల కెళ్లి వచ్చిన జీవన్ మామ, పన్ను నొప్పితోని పోయినోళ్ల పేర్లన్నీ చెప్పిండు. పలకరించ వచ్చినోళ్లను ఇడిచిపెట్టి దవఖానకు ఎట్ల పోవాలె? పదకొండు దాటె, రెండు దాటె. నీ మరదలు చాయ్ పోసి పోసి అలిసింది. నాకైతే కోపం జేసే ఓపిక గూడ లేదు. అందరచ్చిండ్రు గని, నువ్వు ఏడున్నవే?

గంగయ్య

మరిచిన: ఆపిల్లు బర్రెకు పెట్టిన. అది బాగనే నమిలింది.

కోనరావుపేట, జూన్ 22

తమ్ముడా,

నేను కోరుట్లలనే ఆటో దిగిన. నా తమ్మున్ని ఏం జేస్తవమ్మా అని డాక్టరమ్మను అడగవోయిన. అడుగుతుంటే, 'అవ్వా, ఏదీ, నీ నోరు తెరువు' అన్నది. నాకు గూడ ఒక పన్ను లోపలంత పుచ్చిందట. పదకొండాయె, నువ్వు రాకపోతివి, కుర్సి ఖాళీగుండె. నరం తీసుడు, లేజర్ పెట్టుడు ఒక్కపూటల్నే అయిపోయినయి. నొప్పి తెల్వనే లేదు. మూతి మొద్దుబారెనని అటే ఇంటికచ్చిన. గింత దానికి ఊరంతటిని ఆగం జేస్తివేందిరా?

నీకు వచ్చే గురువారం, ఇరవై అయిదు, పదకొండు గంటలకు రాయించిన. ఇగ తప్పకు.

నిమ్మలంగున్న
మీ అక్క బాలవ్వ

ఇంకోటి: నాకు లేజర్ పెట్టిండ్రని తెలిసి మనోళ్లందరు పలకరించ వస్తున్నరు. సొంత తమ్ముడే లేకుంటే నలుగురికి నేనేం చెప్పాలె? పొద్దుగాల మొదటి బస్సుకే వచ్చి సాయంత్రం దాక కూసోవాలె. వాళ్లకు గూడ గా గురువారమే తీరిందట.